నీ కెమెరా చావలేదురా

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకునే ఉంటావు. మిగిలిన తిట్లు దాచిపెట్టు. ఇక్కడందరూ బాగున్నారు, చిన్నదానికి పరీక్షలు, అమ్మ మోకాలు నయం. ఇక అసలు సంగతి. తోటలోకి జంతువులొస్తే తనంతట తనే ఫొటో తీసే కెమెరా చచ్చిందని రాశావు కదా. నీ కెమెరా చావలేదురా! నువ్వు పంపిన మెమరీ కార్డే సాక్ష్యం.

పగటి ఫొటోలు శుభ్రంగా ఉన్నాయి. రాత్రివన్నీ నలుపు. పైగా ప్రతి నల్ల ఫొటో తర్వాతా తేదీ జనవరి 1కి పోయింది, గమనించావా? లెన్సు పోతే పగలూ పోవాలి కదా. పోయినవి సెల్లు. పగటి ఫొటోకి కరెంటు పెద్దగా అక్కర్లేదు. చీకట్లో కంటికి కనబడని వెలుగిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపాలన్నీ ఒక్కసారి వెలిగేసరికి ఓల్టేజి పడిపోతుంది, కెమెరా ఆరిపోయి మళ్లీ లేస్తుంది, తేదీ మర్చిపోతుంది. మీటర్లో 1.4 ఓల్టులు చూపిస్తోందని వాదించకు. ఊరికే కొలిస్తే ఏ సెల్లయినా పెద్దమనిషే, బరువు పడ్డాకే తెలిసేది.

రిమోట్లలో వేసే చవకవి వద్దు, ఆల్కలైన్ కొను. ఎనిమిదీ ఒకే రకం, ఒకేసారి కొన్నవి ఉండాలి. పాతవాటిలో రెండు కొత్తవి కలిపితే ఆ నీరసపువే మొత్తాన్ని ముంచుతాయి. లిథియం పెన్సిల్ సెల్లు ఖరీదు గానీ దాదాపు చివరిదాకా ఓల్టేజి వదలవు. రీచార్జివి ఒక్కోటి 1.2 ఓల్టులే కాబట్టి ఎనిమిదికి వచ్చేది 9.6, మామూలువాటిలా 12 కాదు. రాత్రి బరువు బాగానే మోస్తాయి, కానీ మెనూలో సెల్లు రకం మార్చే వీలుంటే మార్చు. లేకపోతే నిండుగా ఉన్నవాటినీ అయిపోయాయంటుంది.

ఆ వందల ఖాళీ ఫొటోలంటావా, టైము చూడు. అన్నీ పగలు పదకొండు నుంచి మూడు లోపే. దెయ్యమూ కాదు, మీ బావమరిదీ కాదు, ముందున్న వయ్యారిభామ మొక్కలు. కెమెరాని లేపే ఆ సెన్సరు కదలికని కాదు, కదిలే వేడిలో తేడాని పట్టుకుంటుంది. ఎండకి కాగిన ఆకు గాలికి ఊగితే చాలు. ముందు అయిదు మీటర్లు నరికెయ్. ఆ వేపకొమ్మ కూడా, రాత్రి దీపం వెలుగు దాని మీదే పడి వెనకదంతా చీకటైపోతుంది. కెమెరా ఉత్తరం వైపు తిప్పు, సూర్యుడు ఎదురుపడడు. ఎత్తు మోకాలి దగ్గర, 45 సెంటీమీటర్లు అనుకో, దారికి మూడు నాలుగు మీటర్ల దూరం. నల్లమలలో పులుల లెక్కకి దారికి రెండు పక్కలా పెడతారు, కుడి చారలు వేరు, ఎడమ చారలు వేరు కాబట్టి. మన మునసబుగారికి, అదే ఆ అడవిపందికి, ఒకటి చాలు, ఆ కోరలు ఎటునుంచైనా గుర్తుపడతాం. ఆయన అడ్డంగా పోయే చోట కట్టు, ఎదురొస్తే సెన్సరు ఆలస్యంగా లేస్తుంది.

మేలో మిట్టమధ్యాహ్నం ఏమీ పడకపోతే కంగారుపడకు. గాలి వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరపడితే సెన్సరుకి తేడా తెలీదు. సెన్సిటివిటీ పెంచు, చలికాలంలో తగ్గించు.

కార్డు వెనక్కి పంపిస్తున్నా, ఫొటోలు తీసి ఉంచాను. కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి, కంప్యూటర్లో వద్దు. కార్డు పక్కనున్న లాక్ మీట చూసుకో. 32 జీబీ చాలు, 64 కొన్ని కెమెరాలు చదవవు.

తోటకి మోసుకెళ్లేముందు కొత్త సెల్లు వేసి, రాత్రి గొడ్లపాకలో లైటార్పి దాని ముందు నడువు. ఫొటో వచ్చిందా, సరే. రాకపోతే ఇంకొకళ్లని నడవమని, నువ్వు ఫోను సెల్ఫీ కెమెరాలోంచి దీపాల వైపు చూడు. కంటికి కనబడని వెలుగు కూడా చాలా ఫోన్లలో తెల్లగానో ఊదాగానో కనిపిస్తుంది. అసలేమీ వెలగకపోతే దీపాల బోర్డు పోయి ఉండొచ్చు, అప్పుడు ముందు లోపలి వైరు ఊడిందేమో... ఒరేయ్, కార్గో కౌంటరు మూసేస్తున్నారు, ఉంటా.

నీ
రాజు