దాలా వద్దు, జోంగ్‌లా చాలు

చిరంజీవి అమ్మలుకి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నాన్నగారికి ప్రయాణం బడలిక తీరింది, మళ్ళీ పొద్దున్నే రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్తున్నారు. మామ్మకి మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే.

ఫోన్లో చెప్పేదానికి ఇంత ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో అయితే నువ్వు "ఊ, సరేలే అమ్మా" అనేసి మాట మార్చేస్తావు. సింగపూర్‌లో మీ ఆఫీసు దగ్గర ఫుడ్‌కోర్టులో మనం తిన్న, చైనాలోని సిచువాన్ రాష్ట్రపు ఆ వేపుడు గురించి స్థిమితంగా నాలుగు మాటలు చెప్పాలి.

సంగతి మామ్మ దాకా వచ్చేసింది. మన పిల్ల రాత్రిళ్ళు చైనావాళ్ళ కొట్లో ఎండుమిరపకాయల్లో దొర్లించిన రొయ్యలు తింటోందని నాన్నగారు చెప్పేశారు. మామ్మ నన్ను పిలిచి, "ఇంటి కూర చప్పగా ఉందంటోందట, నువ్వెలా ఊరుకున్నావే?" అని అడిగింది. నేను ఆ స్టాలు ముందు నిలబడి వండేదంతా కళ్ళారా చూశాననీ, అది మంచి వంటేననీ చెప్పాను. నువ్వు ఎవరి దగ్గరా దాచుకోనక్కర్లేదు.

నాకు ముందుగా నచ్చింది ఎంచుకునే పద్ధతి. గాజు అరలో వరసగా ట్రేలు, చేతికో స్టీలు గిన్నె, పట్టకారు. తామరదుంప చక్రాలు, బంగాళాదుంప, క్యాబేజీ, కాలీఫ్లవరు, చెవి ఆకారంలో నల్ల పుట్టగొడుగులు, సన్నటి తెల్ల పుట్టగొడుగుల కట్టలు, సోయా పాల మీద తేలే మీగడని తీసి ఎండబెట్టిన పొరలు, కౌజుపిట్ట గుడ్లు, చేప ఉండలు, రొయ్యలు. కావలసినవి కావలసినంత వేసుకోవడమే. కూరగాయలకో ధర, నీసుకో ధర, వంద గ్రాముల లెక్కన తూకం. నాన్నగారు రొయ్యల దగ్గర ఆగిపోయి "కిలోకి అరవై కౌంట్ ఉంటుంది" అనడం, నువ్వు సిగ్గుపడి ఆయన చెయ్యి పట్టుకుని లాగడం గుర్తుందా? తామరదుంప అయితే నాకు కొత్త. కొల్లేరు పక్కనే పుట్టి పెరిగి, పువ్వు తప్ప దుంప రుచి ఎరగను.

తూకం అయ్యాక ఆ వంటావిడ అన్నీ ఒక్కసారే మూకుట్లో పడెయ్యలేదు. దుంపల్ని కాగిన నూనెలో వేసి తీసింది. ఆకులు, పుట్టగొడుగులు మరిగే నీళ్ళలో ముంచి తీసింది. రొయ్యలు చివర్న. అప్పుడు మొదలైంది అసలు పని. నూనె, అల్లం, వెల్లుల్లి, గుప్పెడు ఎండుమిరప ముక్కలు, నోటికి తిమ్మిరెక్కించే ఆ ఎర్ర గుల్లలు (సిచువాన్ మిరియం). నేను కళ్ళు ఆర్పకుండా చూశాను. మిరపకాయ నల్లబడబోతోంది అనగా ఎర్ర ముద్ద వేసింది. ముద్దలోని తడికి నూనె సెగ తగ్గింది, మిరపకాయ మాడలేదు. నూనె ఎర్రగా విడివడేదాకా ఆగి, అప్పుడు ముక్కలన్నీ వేసి ఎగరేసింది. అంత మంట మీద, వెనక అంత క్యూ ఉండగా, అలా ఆగడం చెయ్యి తిరిగినవాళ్ళకి గాని రాదు. పైన నువ్వులు, కొత్తిమీర. ఈ పనితనమంతా మామ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. "మాడనివ్వలేదా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ ఎర్ర ముద్ద గురించి నువ్వు చెప్పింది వచ్చాక చదివాను. సిచువాన్ రాజధాని చెంగ్డూ పక్కనున్న పిషియన్ పేరు మీదే దానికి ప్రసిద్ధి. ఫావా గింజలు, మిరపకాయలు, ఉప్పు, గోధుమపిండి కలిపి, పెద్ద కుండల్లో ఎండకి పెట్టి, కలియతిప్పుతూ నెలల తరబడి, కొన్నిటినైతే ఏళ్ళ తరబడి మాగబెడతారు. వాన వస్తే మూతలు వేస్తారు. ఇది చెప్పాక మామ్మ మాట మెత్తబడింది. ఏటా కొరివికారం జాడీల కోసం మబ్బు వంక చూసే మనిషి కదా, వాళ్ళ కష్టం ఆవిడకి ఇట్టే అర్థమైంది.

ఇక ఆ తిమ్మిరి. పెదాలు తిమ్మిరెక్కుతాయి, కంగారు పడకు అని నువ్వు ముందే చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నాకేదో అయిందని హడలిపోయేదాన్ని. గోలీసోడా మొదటి గుక్క నాలుక మీదే ఉండిపోయినట్టు అనిపించింది. సిచువాన్ మిరియం అంటారు గానీ అది మిరియాల జాతీ కాదు, మిరప జాతీ కాదు. నిమ్మ కుటుంబం. మన కరివేపాకు, మారేడు, వెలగ ఆ కుటుంబంలోవే. నలిపితే నిమ్మతొక్క వాసన అందుకే వస్తుంది. లోపలి నల్ల గింజ పళ్ళకింద కరకరమంటుందని పారేసి, పై గుల్లనే వాడతారు. దాని చుట్టం మన దేశంలోనూ ఉంది, కొంకణంవాళ్ళు తిర్ఫల్ అని చేపల కూరల్లో వేస్తారు.

మిరపకాయ, ఈ గుల్ల నోట్లో చేసే పనులు వేరువేరు. మిరపలోని కారం వేడిని పసిగట్టే నరాల్ని తడుతుంది, అందుకే నోరు కాలినట్టుంటుంది. గుల్లలోని పదార్థం స్పర్శ నరాల్ని కదుపుతుంది. 2013లో లండన్ పరిశోధకులు దీన్ని మనుషుల పెదాలకి రాసి, వేలికి రకరకాల వేగాల్లో కంపనం తగిలించి, ఏది పెదవి మీద తెలిసినట్టుగా ఉందో చెప్పమన్నారు. సెకనుకు దాదాపు 50 సార్లు అదిరే దగ్గర రెండూ కలిశాయట. అది చదివి పెదవి తడుముకున్నాను.

నువ్వు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో భీమవరంలో బండి దగ్గర తిని వచ్చే షెజ్వాన్ ఫ్రైడ్‌రైస్ పేరుకి సిచువానే అయినా, అది వేరు, ఇది వేరు. బండి మీద ఎండుమిర్చి, వెల్లుల్లి ముద్ద, సోయాసాస్, వెనిగర్, టేస్టింగ్ సాల్ట్. ఈ గుల్ల జాడే ఉండదు. కలకత్తాలో స్థిరపడ్డ చైనావాళ్ళ వంట మనవాళ్ళ రుచికి తగ్గట్టు మారుతూ దేశమంతా పాకింది. దాన్ని తక్కువ చెయ్యను, ఇప్పుడది మన వంటే. కానీ ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని కొట్టిపారెయ్యకూడదని నాన్నగారితో గట్టిగా వాదించాను.

మామ్మ అసలు అభ్యంతరం, మిరపకాయ మనది, వాళ్ళకెందుకింత కారం అని. ఇన్నేళ్ళు సోషల్ చెప్పినదాన్ని, ఊరుకుంటానా? మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. చైనాకి ఆ శతాబ్దం చివర్లో చేరింది, సిచువాన్ వంటిళ్ళలో పాతుకున్నది ఇంకా ఆలస్యంగా, 18, 19 శతాబ్దాల్లో. అంతకుముందు వాళ్ళకి ఈ తిమ్మిరి గుల్ల, అల్లం. మనకి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. ఆ మాటకొస్తే నాన్నగారి చెరువులో వనామీ కూడా లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు రొయ్యే, మన దేశంలో సాగుకి అనుమతి వచ్చింది 2009లో. మామ్మ కాసేపు ఆలోచించి, "అయితే మా ముత్తమ్మలు ఆవకాయ లేకుండా ఎలా బతికారే!" అంది. నిజంగా బాధపడింది.

ఇంకో సంగతి చదివి నాకు ఒళ్ళు పులకరించింది. చెంగ్డూ మైదానం అంతా కాలవల మీద పండే వరి నేల. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నదిని పాయలుగా చీల్చి నీళ్ళు పొలాలకి మళ్ళించాడు. దుజియాంగ్‌యాన్ అంటారు, ఇప్పటికీ పనిచేస్తోంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 వరకు. కాటన్ దొర పాఠం ఎన్ని క్లాసులకి చెప్పానో, ఈ లీ బింగ్ సంగతి అప్పుడే తెలిసి ఉంటే పక్కన పెట్టి చెప్పేదాన్ని. అక్కడా గాలిలో చెమ్మ ఎక్కువే, ఒంట్లో చెమ్మ పోవాలంటే కారం తినాలని వాళ్ళ నమ్మకం. తెల్లన్నం పక్కన నిప్పులాంటి కూర పెట్టుకునే నేల అదీ. ఆ వేపుడుని నూడుల్స్‌తో కాకుండా అన్నంతో తిను. దాని రుచి అన్నంతోనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మాట.

మమ్మల్ని తీసుకెళ్ళిన రోజు నువ్వు జోంగ్‌లా అన్నావు, మధ్యస్తం కారం. తామరదుంప ఒక్కొక్క చక్రం తీసి, దాని చిల్లుల్లోకి మసాలా ఎలా ఎక్కిందో నాకు చూపించావు. పక్కనున్న మిరపకాయలు తినడానికి కాదు, నూనెకి రుచి ఇచ్చాక వాటి పని అయిపోయిందని చెప్పి గట్టుకి నెట్టావు. ముచ్చటగా తిన్నావు.

ఆ వారంలోనే ఒకరోజు ఆఫీసులో ఏదో అయిందని మొహం వాడ్చుకుని వచ్చావు. ఏమిటంటే చెప్పలేదు. స్టాల్లో దాలా అన్నావు, అన్నిటికన్నా పెద్ద కారం. వంటావిడ కూడా తలెత్తి నీ మొహం చూసింది. ఏ ముక్క తింటున్నావో చూడలేదు, మిరపకాయలు ఏరలేదు, అన్నం సగం వదిలేశావు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే "కారం అమ్మా" అన్నావు. టిష్యూ అందించి ఊరుకున్నాను. కానీ అమ్మలూ, కారానికి వచ్చే నీళ్ళేవో, కావేవో నాకు తెలుసు.

నోరు భగ్గుమంటే మనసులో టెన్షన్ కాసేపు పక్కకి పోతుంది, నిజమే. తిమ్మిరి ఎక్కాక కారం తగ్గినట్టు అనిపించి ఇంకో ముద్ద, ఇంకో ముద్ద తింటాం. నాలుకకి తగ్గినట్టుంటుంది గానీ కడుపులోకి వెళ్ళేది తగ్గదు. రాత్రి నువ్వు లేచి నీళ్ళు తాగుతూ తిరగడం నేను విన్నాను. అందుకే అడుగుతున్నాను. దాలా తినాలనిపిస్తే స్నేహితులతో సరదాగా ఉన్న రోజు తిను. మనసు బాగోలేని రోజు మాత్రం జోంగ్‌లా చాలు. ఆర్డరు ఇచ్చి, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకుని, నాకు ఫోన్ చెయ్యి. మీకు రాత్రి పది అయితే మాకు ఏడున్నరే, ఎవరూ పడుకోరు. ఆఫీసు సంగతి చెప్పకపోయినా ఫరవాలేదు. గిన్నెలో ఏం వేసుకున్నావో చెప్పు చాలు.

ఇంకొన్ని జాగ్రత్తలు. మంట పుడితే నీళ్ళు తాగకు. మిరపలోని కారం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలు గానీ పెరుగు గానీ తీసుకో. కింద మిగిలిన ఎర్ర నూనె అన్నంలో కలుపుకోకు, ముక్కలు పైపైన తీసుకో. ఖాళీ కడుపుతో వెళ్ళకు. శనివారాలు నీసు మానేస్తావు కాబట్టి ఆ రోజు ఈ స్టాలు వద్దు. మూకుడు, గరిట అన్నిటికీ ఒకటే, పైగా కొన్ని సిచువాన్ మసాలా ముద్దల్లో పశువుల కొవ్వు కూడా వాడతారు. ఆవిడ వాడే ముద్దలో ఏముందో ఒకసారి మర్యాదగా అడిగి తెలుసుకో. ట్రే మాత్రం నువ్వు బుద్ధిగా తీసుకెళ్ళి పెట్టి వస్తుంటే నాకు ఎంత ముద్దొచ్చావో. అక్కడ రూలేనటగా, ఇంట్లో కంచం తియ్యమంటే ఎన్నిసార్లు పిలవాలో.

వచ్చే నెల మన వీధి వాళ్ళబ్బాయి అటు వస్తున్నాడు. కొరివికారం, ఆత్రేయపురం పూతరేకులు, కాస్త కందిపొడి పంపుతున్నాను. కొరివికారం మూత మీద మామ్మ స్వయంగా గుడ్డ కట్టింది. అతను తిరిగి వచ్చేటప్పుడు ఆ తిమ్మిరి గుల్లలు ఒక చిన్న ప్యాకెట్టు, పిషియన్ ముద్ద ఒక సీసా పంపు. గుల్లలు ఎర్రగా, విచ్చుకుని, నల్ల గింజలు తక్కువగా ఉన్నవి చూసి కొను. పొడి వద్దు, వాసన తొందరగా పోతుంది. ముద్ద సీసా మీద కొవ్వు సంగతి చదివి మరీ తీసుకో, మామ్మ వంటింట్లోకి వచ్చేది. చెరువు పట్టుబడి నాటికి అవి అందితే ఆ రొయ్యలతో చేస్తాను. బంగాళాదుంపతో పాటు కందముక్కలు కూడా వేసి చూడాలనుంది. ఎంత గుల్ల వెయ్యాలో ఆ వంటావిడని అడిగి రాయి.

ఉంటాను.

అమ్మ