నల్లజాతి వాలంటీర్ల ఊసేదీ?

సంపాదకులకు నమస్కారం.

వాలంటీర్లను సేవ కోసం విదేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కార్ప్స్ అనగానే మన పత్రికల్లో అది మొదలైన 1961, అధ్యక్షుడు కెనెడీ ఫొటో. అంతే. దానికి మూడేళ్ల ముందే, 1958లో, న్యూయార్క్‌లోని హార్లెమ్‌కు చెందిన నల్లజాతి పాస్టరు జేమ్స్ రాబిన్సన్ ‘ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా’ పేరుతో నల్ల, తెల్ల విద్యార్థులను కలిపి ఆఫ్రికా పల్లెల్లో పనికి తీసుకెళ్లారు. పీస్ కార్ప్స్‌కు దారి చూపింది ఆ బృందాలేనని కెనెడీయే ఒప్పుకున్నారు. 1977లో పీస్ కార్ప్స్ డైరెక్టరైన కెరొలిన్ పేటన్ ఆ పదవిలో తొలి మహిళ, తొలి నల్లజాతి వ్యక్తి కూడా.

నన్ను ఎక్కువగా కలచివేసేది అలా విదేశాలకు వెళ్లిన నల్లజాతి వాలంటీర్ల అనుభవం. అప్పట్లో దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారి హోటల్లో కూర్చుని కాఫీ తాగనివ్వని మనిషే, విదేశంలో అమెరికాకు ప్రతినిధిగా నిలబడాలి! తీరా ఊళ్లో దిగితే ‘అసలు అమెరికన్ ఏడీ?’ అంటూ వెనకాల తెల్లవాడి కోసం చూసేవాళ్లు. ఆఫ్రికాలో కొందరిని సొంత బిడ్డల్లా అక్కున చేర్చుకున్నారు, పరాయివాళ్లుగా చూసినవాళ్లూ ఉన్నారు.

ఆఫ్రికా విద్యార్థులకు ఇల్లు అద్దెకివ్వడానికి వెనుకాడే ఇంటివాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు కదా. రాబిన్సన్, పేటన్‌ల గురించి మీ ఆదివారం సంచికలో ఒక పూర్తి వ్యాసం వేయమని కోరుతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి