చీటీ లేకుండా నొప్పి మాత్రలు అమ్మడం ఆపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎండలు ముదిరాయంటే మా ఉద్దానంలో నొప్పి మాత్రలు వాడకం కూడా పెరిగిపోతుంది. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పొద్దంతా పనిచేసొచ్చి నడుం లాగేస్తుందంటే మెడికల్ షాపులో డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో ఇచ్చేస్తారు, చీటీ అడగరు, కిడ్నీ జబ్బుందా బీపీ ఉందా అని కూడా అడగరు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఆ స్ట్రిప్ మీదే ఉంటుంది.

ఆ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో జనానికి ఎవరూ చెప్పట్లేదండి. మన కణాల పొరల్లో దాదాపు సగం కొవ్వే. దెబ్బ తగిలినా వాచినా ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైమ్ ఆ పొరలోని కొవ్వులోంచి అరాకిడోనిక్ యాసిడ్‌ని విడదీస్తుంది, కాక్స్ అనే ఇంకో ఎంజైమ్ దాంతో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారుచేస్తుంది, నొప్పి, వాపు, జ్వరం వీటివల్లే. మాత్ర ఆపేది ఈ కాక్స్‌నే, ఆస్పిరిన్ విషయంలో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లోనే చూపించాడు, 1982లో నోబెల్ కూడా వచ్చింది. కానీ ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే సన్న నాళాన్ని తెరిచి ఉంచేదీ ఈ ప్రోస్టాగ్లాండిన్లే! చెమటలు కారి ఎండిపోయిన మనిషి అదే టైంలో మాత్ర వేసుకుంటే ఆ నాళం బిగుసుకుని కిడ్నీకి రక్తం తగ్గిపోతుంది, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకైతే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఉద్దానంలో చాలామందికి వస్తున్న కిడ్నీ జబ్బుకి ఇదే కారణమని నేననట్లేదు, అసలు కారణం ఇంకా తేలలేదు. ఏ కారణంతో దెబ్బతిన్న కిడ్నీ అయినా ఈ మాత్రలు తట్టుకోలేదు కదా, నా బాధంతా అదే.

డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పోయి చచ్చిపోతున్నాయని 2004లో తేలింది, 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు, మంచి పని చేశారు. మనుషులకి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఉన్న చీటీ రూల్ అమలు చేస్తే చాలు. ఆశా వర్కర్లు ఇంటికొచ్చినప్పుడు ఏ నొప్పి మాత్ర వాడుతున్నారో అడిగి రాసుకోవాలి, ఉపాధి హామీ పనుల దగ్గర ఈ మాత్రల పేర్లతో తెలుగులో బోర్డు పెట్టాలి, ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టాలని అధికారులని వేడుకుంటున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం జిల్లా