ముక్కు ఎటు, పడవ ఎటు

ఆదివారం రాత్రి, పదకొండు దాటింది

ఒరేయ్ బుజ్జిగా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది, తెలుసు. అమ్మ మోకాలు నయం, చెల్లి పరీక్ష గట్టెక్కింది, నీకివ్వాల్సిన డబ్బు ఈ నెలా ఇవ్వను. ఇంటి కబుర్లు అయిపోయాయి. రెండింటికి నా సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడిపినట్టు నేర్పే యంత్రం) స్లాటు, ఒంటిగంటకి వ్యాన్ వస్తుంది. ఈలోపు నీకొకటి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

బోయింగ్ 787 విమానం మీద పైలట్ ట్రైనింగ్ అని చెప్పాను కదా. ఇందులో ఇద్దరు పైలట్లకీ కళ్ల ముందుకి దించుకునే గాజు పలక ఒకటి ఉంటుంది. హెడ్-అప్ డిస్‌ప్లే. మేం హడ్ అంటాం. నెత్తి మీదున్న ప్రొజెక్టర్ దాని మీద ఆకుపచ్చ గీతలు వేస్తుంది. గాజు మొహానికి దగ్గర్లోనే ఉంటుంది గానీ గీతలు మాత్రం ఎక్కడో ఆకాశం చివర ఉన్నట్టు కనిపిస్తాయి. రన్‌వేని చూసే చూపుతోనే వాటినీ చదువుకోవచ్చు. తిరకాసల్లా కన్ను ఉండాల్సిన చోట ఉండాలి. మొదటిరోజు సీట్లో కాస్త జారగిలబడి కూర్చున్నాను, గీతలన్నీ మాయం! పాడైందని సార్‌ని పిలిచాను. ఆయన ఏమీ మాట్లాడకుండా నా సీటు కాస్త పైకి లేపారు. అన్నీ వచ్చేశాయి. నవ్వకు. నీ గొడుగు సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు, గుర్తుంచుకో.

అన్నట్టు, మీ చండీగఢ్ సెక్టార్ 30లో సీఎస్‌ఐఓ అని పరికరాల పరిశోధన సంస్థ ఉంది కదా, మన తేజస్ యుద్ధవిమానానికి హడ్ రూపొందించింది వాళ్లే. రోజూ ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకి పోతూ నాకొక్క ముక్క చెప్పావా?

సరే, ఆ గాజులో ఏముంటుందో చెప్తాను, లేకపోతే అసలు కథ తలకెక్కదు. అడ్డంగా పొడుగు గీత, అది క్షితిజం. దానికి పైనా కిందా నిచ్చెన మెట్లలా చిన్న గీతలు, ముక్కు ఎన్ని డిగ్రీలు లేచిందో, ఎన్ని వాలిందో చూసుకోవడానికి. పైవి నిండు గీతలు, కిందివి ముక్కలు ముక్కలు. మబ్బులో బుర్ర తిరిగిపోయినా ఏది పైనో ఏది కిందో తెలియాలిగా మరి. క్షితిజం గీత మీదే దిక్కుల గాట్లు, పది డిగ్రీలకొకటి. చివరి సున్నా రాయరు. 09 అంటే తొంభై, తూర్పు. 36 అంటే ఉత్తరం. ఇక అసలైన గుర్తులు రెండు. రెక్కలు చాపిన పిట్టలాంటిది ఒకటి, అది విమానం ముక్కు. రెండోది చిన్న వలయం, దానికి అటూ ఇటూ రెక్కలు. ఫ్లైట్ పాత్ వెక్టర్ అంటారు. విమానం నిజంగా ఎటు పోతోందో చూపించేది అదే. ముక్కు చూసే వైపు వేరు, బండి పోయే వైపు వేరు. పరీక్షలో ఈ ముక్క శుభ్రంగా రాశాను, మార్కులూ పడ్డాయి.

ఇక గురువారం సంగతి.

శంషాబాద్ 09 రైట్ (తూర్పుకి దిగే రెండు రన్‌వేల్లో కుడిది) మీద ల్యాండింగ్ పెట్టారు సార్. నేలకి 500 అడుగుల ఎత్తు దాకా దిగిన మబ్బు, ఎడమ నుంచి, అంటే ఉత్తరం నుంచి 20 నాట్ల (గంటకి 37 కిలోమీటర్ల) గాలి. ఆటోపైలట్ తీసేసి నేనే నడుపుతున్నాను. మబ్బులోంచి బయటపడ్డాం. చూస్తే రన్‌వే ఎదురుగా లేదు! ముక్కు గుర్తుకి కుడి పక్కన, కిందగా ఉంది. గుండె గుభేలుమంది. ఇన్నేళ్లూ కింద స్క్రీన్ మధ్యలో ఉండే విమానం బొమ్మని చూసి నడిపిన చెయ్యి కదా, ఆగలేదు. పిట్టని తీసుకెళ్లి రన్‌వే మీద కూర్చోబెట్టాలని కుడికి తిప్పి, కిందికి నొక్కాను. పిట్ట కూర్చుంది. ఆహా అనుకునేలోపు వలయం రన్‌వే దాటి కుడివైపు పొలాల్లోకి, నిచ్చెన మీద ఎనిమిది డిగ్రీలు కిందికి జారిపోయింది. "సింక్ రేట్, సింక్ రేట్" అని, మరీ వేగంగా దిగుతున్నావని విమానం అరుపు. నిమిషానికి 700 అడుగుల పైచిలుకు దిగాల్సినవాణ్ణి 2,000 దిగుతున్నాను. సార్ సిమ్యులేటర్‌ని అక్కడికక్కడే ఆపేశారు.

సిమ్యులేటర్ ఆగిపోతే ఎలా ఉంటుందో తెలుసా? పొలాలు, లైట్లు, మబ్బు అన్నీ గడ్డకట్టినట్టు నిలబడిపోతాయి. చెమట ఒక్కటే ఆగదు. సార్ కేకలేస్తే బాగుండేది. ఆయన పెన్ను తీసి గాజు మీద రెండు గుర్తులూ చూపించి, "ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు, అంతే.

అప్పుడు గుర్తొచ్చాడ్రా, పడవ తాత! కోటిపల్లి రేవులో, గోదారి పోటుమీదున్న రోజు. ముక్తేశ్వరం వెళ్లాలని ఎక్కితే తాత పడవ ముక్కుని ఎగువకి పెట్టాడు. "తాతా, ఊరు అటు కాదు, ఇటు!" అని నువ్వు ఏడుపు లంకించుకున్నావు. తాత చుక్కాని కదల్చకుండా, "ముక్కుని సూడకు అబ్బాయా, రేవుని సూడు" అన్నాడు. పడవ అడ్డంగా జరుగుతూ జరుగుతూ సరిగ్గా రేవులో ఆగింది. నువ్వు మాత్రం దిగేదాకా ఏడుస్తూనే ఉన్నావు, ఆ తర్వాత జీళ్లు... సరే, అది వద్దులే.

గురువారం ఆ ఏడుపు నేను ఏడ్చాను. అంతే తేడా.

మళ్లీ మొదట్నుంచి పెట్టారు. అదే గాలి, అదే మబ్బు. ఈసారి పిట్టని దాని మానాన వదిలేశాను. అది ఎడమకి 08 గాటు పక్కనే కూర్చుంది, వలయం 09 దగ్గర, రన్‌వే మొదట్లో. మధ్యలో ఎనిమిది డిగ్రీలు. 20 నాట్ల గాలి, 140 నాట్ల వేగం, లెక్క సరిపోయింది. ఎనిమిది డిగ్రీల వంకరతో రన్‌వే మీదికి తిన్నగా పోతుంటే ఒళ్లు జలదరించిందిరా. నేలకి తాకేముందు ఆ వంకర తీసేయాలి, కాలితో, అదింకో పెద్ద గొడవ, దాని గురించి తర్వాత.

ఇంకొకటి. చివర్లో సరదాకి 35,000 అడుగులకి తీసుకెళ్లారు. అక్కడ చూస్తే గాజులో క్షితిజం గీత బయటి క్షితిజం మీద లేదు. మూడు డిగ్రీలు పైన గాల్లో వేలాడుతోంది. ఈసారి మాత్రం తప్పు నాది కాదని, "సార్, ఇది తప్పు చూపిస్తోంది" అన్నాను చాలా ధీమాగా. ఆయన, "గీత సరిగ్గానే ఉంది, భూమే గుండ్రంగా ఉంది" అన్నారు. అంత ఎత్తు నుంచి చూస్తే నేల అంచు కిందికి ఒరిగిపోతుందట. గీత మాత్రం మట్టంగా ఉంటుంది. నాలుగో క్లాసులో నారింజపండు పట్టుకుని మాస్టారు చెప్పింది నా కళ్లతో నేను చూసింది ఇప్పుడే. నువ్వైతే ఆ నారింజ తినేశావనుకో.

నువ్వు అడిగిన స్థలం సంగతి, నాన్నతో మాట్లాడాను, ఆయన ఏమన్నారంటే

వ్యాన్ వాడు హారన్ కొడుతున్నాడు. బూటు ఒకటే దొరికింది. ఇవాళ ఒక ఇంజన్ ఆపేస్తారట, టెన్షన్‌గా ఉంది. ఉంటానురా.

నీ
చిన్నోడు