యూరియాకు వేలిముద్ర, పురుగుమందుకు తెల్ల చీటీ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

అయ్యా, నేను గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర మిర్చి, పత్తి వేసే రైతును. మా ఎరువుల కొట్ల సంగతి మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఇవాళ 266 రూపాయల 50 పైసల యూరియా బస్తా కావాలంటే ఆధార్ చెప్పి, మెషీన్ మీద వేలు పెట్టాలి. 2018 నుంచి ఇదే పద్ధతి, బాగానే ఉంది. అదే కౌంటర్లో అంతకు అయిదారు రెట్లు ధర పెట్టి ఆకుల రసం పీల్చే తామరపురుగుకు మందు కొంటే మాత్రం చేతికొచ్చేది తెల్ల చీటీ. దాని మీద మందు పేరు పొడి అక్షరాల్లో, పక్కన ఒక అంకె. బ్యాచ్ నంబరు ఉండదు, గడువు తేదీ ఉండదు, కొట్టు పేరు కూడా ఉండదు. పక్కా బిల్లు అడిగితే "జీఎస్టీ 18 శాతం పడుద్ది, వేయమంటారా?" అంటారు. ఆ పన్ను ఎమ్మార్పీలోనే ఉంటుందని తెలిసినా నోరెత్తలేం. సరుకు అరువు కదా!

పాత కొట్లు బంగారమని నేను అనను. 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా ఎండోసల్ఫాన్ అనే ప్రమాదకరమైన పురుగుమందు మాకు అమ్మింది వాళ్లే. కాకపోతే అప్పటి యజమానికి మన చేను ఎక్కడుందో తెలుసు. ఇప్పుడు గోడ మీద మందులమ్మే అర్హత సర్టిఫికెట్ ఒకరిది, మందు చెప్పే కుర్రాడు ఇంకొకడు. ఆకు ఫోటో వాట్సాప్‌లో పెడితే అయిదు నిమిషాల్లో మూడు డబ్బాల పేర్లు వస్తాయి.

2021లో మిర్చికి నల్ల తామరపురుగు వచ్చినప్పుడు చూడాలి మా అవస్థ. మిరప పువ్వును అరచేతిలో దులిపితే నల్లటి నలుసులు రాలి పాకేవి. టెన్షన్‌లో ఎవరేది చెబితే అది కొట్టాం. "బయో", అంటే జీవ మందు, అని రాసి ఉన్న సీసాలు ఎన్ని కొన్నామో! అందులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు. పంట పోయాక ఫిర్యాదు చేద్దామంటే చూపించడానికి చాలామంది దగ్గర కాగితం లేదు.

2020లో ప్రభుత్వం పెట్టిన రైతు భరోసా కేంద్రాలు, ఇప్పటి రైతు సేవా కేంద్రాలు, ఊళ్లోకే సరుకు తెచ్చిన మాట నిజం. కానీ అక్కడ అరువు పుట్టదు. బ్యాంకు గడప తొక్కలేని కౌలురైతు మళ్లీ కొట్టుకే పోతాడు. పంట యార్డుకు చేరేదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అలాంటివాడు బిల్లు కోసం గొడవ పెట్టుకుంటాడా?

కొత్త చట్టం అడగడం లేదు. పురుగుమందు అమ్మితే బిల్లు ఇవ్వాలని 1971 నాటి నిబంధనల్లోనే ఉంది. యూరియాకు వాడుతున్న మెషీన్ కొట్లో ఉండనే ఉంది. పురుగుమందులు, బయో సీసాలు కూడా అందులోనే ఎక్కించి, బ్యాచ్ నంబరు, గడువు తేదీతో రసీదు వచ్చేలా చేయించండి. అరువు సరుకైనా సరే, కౌలురైతు పేరు మీదే రావాలి. తనిఖీకి వచ్చే అధికారులు కొట్టు రికార్డులు చూసి వెళ్లిపోకుండా, చేలో ఉన్న ఖాళీ డబ్బా పట్టుకుని "దీని బిల్లేది?" అని రైతును అడగాలి.

మిర్చి నాట్లు ఆగస్టులో మొదలవుతాయి. ఈలోగా జిల్లాలో ఒక్క మండలంలోనైనా పెట్టి చూడండి. మా ప్రత్తిపాడైతే మరీ మంచిది.

ఇట్లు,
ఒక మిర్చి రైతు