కోనసీమ నుంచి మా పిల్లల పండక్కి సాయం చేసినవారందరికీ

అమలాపురం, అంబాజీపేట, ఆత్రేయపురం, పాలకొల్లు వైపు నుంచి ఈ శీతాకాలం సెలవుల్లో మాకు చేయందించిన పెద్దలందరికీ నమస్కారాలండి. మిషిగన్‌లో చిన్నపిల్లలున్న నాలుగు కుటుంబాల తరఫున రాస్తున్నాం. పేర్లు రాయడం మొదలెడితే ఎవరో ఒకరి పేరు జారిపోయి మాట వస్తుంది. ఎవరేం చేశారో రాస్తే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది. మీరు చెప్పిన కొలతలు, కిటుకులు కూడా ఇందులోనే పెడుతున్నాం. వచ్చే ఏడు ఇంకెవరైనా ఇక్కడ పండగ చెయ్యబోతే మిమ్మల్ని మళ్లీ తెల్లారుజామున లేపక్కర్లేదు.

ముందుగా, రోజులు లెక్కగట్టి పెట్టిన మామయ్యగారికి. ఇక్కడ బడి సెలవులు క్రిస్మస్‌కి ఒకటి రెండు రోజుల ముందు మొదలై జనవరి మొదటి వారానికల్లా అయిపోతాయి. భోగి వచ్చేసరికి పిల్లలు బడిలో ఉంటారు. ఏటా సెలవులు వృథా అయ్యాయనుకోవడమే. డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెట్టాక ధనుర్మాసమే కదా, ముగ్గులూ గొబ్బెమ్మలూ పిండివంటలూ అన్నీ సెలవుల్లో కానిచ్చేసి, భోగి సాయంత్రానికి పళ్లు పొయ్యడం ఒక్కటే మిగుల్చుకోండని ఆయన చెప్పింది సరిగ్గా సరిపోయింది. ఫోన్ వేళలు కూడా ఆయన లెక్కే. చలికాలంలో ఇక్కడికీ అక్కడికీ పదిన్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ మర్నాడు పొద్దున్న 6:30, హరిదాసు వీధిలోకి వచ్చే వేళ. అంటే పిల్లలు పడుకోబోయే ముందు అరుగు మీంచి ఫోన్లో హరిదాసుని చూడొచ్చు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం మాత్రం ఇలా కుదరదు. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక నది దాటే మధ్యాహ్నం ఇక్కడ తెల్లవారుజాము. దాన్ని రికార్డు చేసి పంపినవారికి వేరే దండం.

పెట్టె సర్దిన వదినగారికి అన్నిటికన్నా పెద్ద కృతజ్ఞత పెట్టినవాటికి కాదు, తీసేసినవాటికి. రేగిపళ్లు, చెరుకుముక్కలు, కరివేపాకు, పచ్చి బియ్యం, పిడకల దండ: ఇవేవీ అమెరికాకి పట్టుకురాకూడదు. పచ్చిపళ్లతో తెగుళ్లూ పురుగులూ వస్తాయని భయం. కరివేపాకు మీద నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు ఉంటుంది. బియ్యంతో ఖాప్రా అనే గింజ పురుగు వస్తుందని, మన దేశం నుంచి సొంత వాడకానికి తెచ్చే బియ్యాన్ని కూడా ఆపేస్తారు. ఇక పిడకల సంగతి. 2021 ఏప్రిల్‌లో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో ఎవరో వదిలేసిన పెట్టెలో రెండు పిడకలు కనబడితే అధికారులు వాటిని నాశనం చేశారు. నవ్వొచ్చినా కారణం గట్టిదే, పశువుల గాలికుంటు రోగం. 1929 తర్వాత ఆ రోగం ఈ దేశంలో లేదు. ఇంకొక్క మాట: పెట్టెలో తినే సామాను ఏదున్నా దిగగానే ఉందని చెప్పేయాలి. చెప్పాక పనికిరానిది ఉంటే తీసుకుని వదిలేస్తారు, దాస్తే జరిమానా.

ఇప్పుడు అరిసెలు. అంబాజీపేట పిన్నిగారూ, మీకు ఎంత చెప్పినా తక్కువే. తవ్వ, సోల, గిద్ద అని చెప్పి వదిలెయ్యకుండా, పక్కన కాటా పెట్టుకుని ప్రతిదీ గ్రాముల్లో తూచి చెప్పారు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, బెల్లం మునగడానికి ఒక గ్లాసు నీళ్లు, 50 గ్రాముల నువ్వులు, రెండు పెద్ద చెంచాల నెయ్యి, అయిదారు యాలకులు. బియ్యం ఇక్కడి కొట్లో దొరికే సోనామసూరి సరిపోతుంది. ఒక రోజంతా నానాలి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి. మార్చకపోతే పిండికి పులిసిన వాసన వస్తుంది. వార్చి గుడ్డమీద ఓ పావుగంట, అంతే. మనూళ్లో అరగంట ఉంచినా తడి ఉంటుంది, ఇక్కడ ఉండదు. రాత్రీపగలూ హీటరు తిరిగే ఇంట్లో గాలి ఒట్టి పొడిగా ఉంటుంది, మిక్సీ పట్టేలోగానే బియ్యం ఆరిపోతాయి. పిండి ఆరితే అరిసె అంచులు పగుళ్లు తీస్తుంది. అందుకని కొంచెం కొంచెంగా మిక్సీ పట్టి, జల్లించినదాన్ని జల్లించినట్టే మూత ఉన్న గిన్నెలో అదిమి పెట్టాలి. గుప్పిట్లో పట్టి నొక్కితే ఉండగా నిలబడాలి. (అక్కడ్నుంచి మోసుకొచ్చిన మిక్సీ ఇక్కడ పనిచెయ్యదు, ఇక్కడి కరెంటు 120 వోల్టులే.)

పాకం దగ్గరే అందరూ దెబ్బతినేది, ఆ గుట్టు పిన్నిగారే పట్టుకున్నారు. పాకం చుక్క నీళ్లలో వేసి ఉండ కడితే దించేయమని అందరూ చెబుతారు. జనవరిలో ఇక్కడి కుళాయి నీళ్లు ఐసులా ఉంటాయి. అందులో లేతపాకం వేసినా చటుక్కున బిగిసి ఉండకడుతుంది. ముదిరిందనుకుని దించేస్తాం, తీరా నూనెలో వేసేసరికి అరిసె విచ్చిపోతుంది. కాబట్టి పాకం చూసే నీళ్లు పొద్దున్నే ఒక పళ్లెంలో పోసి వంటింట్లో ఉంచుకోవాలి, గది వేడికి రావాలి. రెండోది కరెంటు పొయ్యి. గ్యాసుపొయ్యిలా కాదు, ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పాకం ఆ పొయ్యిమీదే వదిలేస్తే ముదిరి, అరిసెలు మర్నాటికి రాళ్లే. వచ్చిన క్షణంలో గిన్నె పక్కకి తీసి, పిండి గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలపాలి. పిండంతా పొయ్యక్కర్లేదు, పాకం పట్టినంతే. ఒక గుప్పెడు మిగిలినా మంచిదే, పలచనైతే సర్దుకోవచ్చు. చలిమిడి మీద తడిగుడ్డ కప్పకపోతే పది నిమిషాల్లో పైపొర కడుతుంది. ఇక్కడ దొరికే బెల్లం అచ్చుల్లో ఇసుక ఉంటోంది, ముందు కరిగించి వడకట్టి అప్పుడు పాకానికి పెట్టండి.

నూనె పెట్టేముందు పొగ గొట్టం ఫ్యాను పూర్తిగా పెట్టి, కిటికీ ఒక అంగుళం తెరవాలి. పొగకి అలారం మోగుతుందని బ్యాటరీ తీసెయ్యకండి, చాలామంది తీసి మళ్లీ పెట్టడం మర్చిపోతారు. నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, మూత పెట్టి పొయ్యి ఆపెయ్యాలి. వాడిన నూనె సింకులో పోస్తే చలికి గొట్టంలో గడ్డకడుతుంది.

ఆత్రేయపురం అక్కలు పూతరేకులు చుట్టి పంపలేదు, రేకులు విడిగానే పంపారు, మంచి ఆలోచన. రేకుల మధ్య కాగితం, చుట్టూ నూలుగుడ్డ, స్టీలు డబ్బా, చేతిసంచిలో. ఇక్కడి పొడిగాలికి అవి ముట్టుకుంటే పొడవుతాయి. తడిపి గట్టిగా పిండిన గుడ్డ మీద రెండు మూడు సెకన్లు ఆనించి తీస్తే మెత్తబడి చుట్టుకి వస్తాయి. బెల్లంవాటికన్నా పంచదార పొడివి ఎక్కువరోజులు నిలుస్తాయి.

భోగిపళ్లకి రేగిపళ్లు లేవు. చైనావాళ్ల కొట్లో ఎండు జుజుబీ దొరుకుతుంది, రేగికి దగ్గర చుట్టమే. నానబెట్టిన సెనగలు, చిల్లర, చెరుకుముక్కలు నాలుగేళ్లలోపు పిల్లల గొంతుకి అడ్డం పడతాయి. పిల్లల డాక్టరుగా పనిచేసే బావగారు ఈ మాట ముందే అనకపోతే మేం గమనించేవాళ్లమే కాదు. చిన్నపిల్లల మీద చామంతి రేకులు, పెద్ద జుజుబీలు మాత్రమే పోసి, డబ్బులు చిన్న గుడ్డమూటగా కట్టి దిష్టి తీసి పక్కన పెడితే చాలు. జనవరిలో బంతి దొరకడం కష్టం, చామంతి కుండీలు సరుకుల కొట్లోనే ఉంటాయి. పూలమీద మందు ఉంటుంది, కడిగి ఆరబెట్టాలి.

గొబ్బెమ్మలకి మైదా రెండు కప్పులు, ఉప్పు ఒక కప్పు, నీళ్లు ముప్పావు కప్పు, రంగుకి కాఫీపొడి. పిడకల దండకి అదే పిండి పావు అంగుళం మందాన బిళ్లలు చేసి, పుల్లతో మధ్యలో బెజ్జం పెట్టి, ఓవెన్లో 200 ఫారెన్‌హీట్ దగ్గర రెండు మూడు గంటలు. వేడి పెంచితే పొంగి పగులుతాయి. ఇంట్లో కుక్క ఉంటే అందనివ్వకండి, అంత ఉప్పు దానికి ప్రమాదం. మంచుమీద బియ్యప్పిండి ముగ్గు వేస్తే ఏం కనబడుతుంది! రంగునీళ్లు సీసాలో పోసి వెయ్యాలి, వేణ్నీళ్లైతే మూతి దగ్గర గడ్డకట్టదు. చిన్నపిల్లలకి సందుచుక్క 5 నుంచి 3 చాలు, మొత్తం 19 చుక్కలు.

పాలకొల్లు టైలరుగారికి: పట్టులంగా నడుము రెండు అంగుళాలు వదులుగా, జాకెట్టు చంక ఒక అంగుళం వదులుగా కుట్టడంవల్ల చలికి లోపల వేసే థర్మల్ బట్ట పట్టింది. ఆ థర్మల్ నూలుది కాకూడదు, చెమట పీల్చి ఒంటిమీదే చల్లబడుతుంది. కారు సీట్లో మాత్రం ఉబ్బుకోటు వేసి బెల్టు పెట్టకూడదు. గుద్దుకుంటే కోటు అణిగి బెల్టు వదులైపోతుంది. కోటు విప్పి బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి.

కొబ్బరినూనె పంపినవారికి చిన్న కబురు: సీసా గడ్డకట్టిందని కంగారుపడకండి, 24 డిగ్రీల సెల్సియస్ లోపు అంతే, వేణ్నీళ్లలో పెడితే కరుగుతుంది. సున్నిపిండి ఈ చలిలో ఒళ్లు మరీ పొడిబారుస్తుంది, ముందు నూనె బాగా పట్టించి, పిండిలో మీగడ కలిపితేనే పిల్లలు ఓర్చుకుంటారు.

స్టీలు డబ్బాలు మూడూ భద్రంగా ఉన్నాయండి. వేసవిలో వచ్చేవారి చేతికిస్తాం. ఖాళీగా మాత్రం పంపం లెండి.