సన్న వాచీలకు ఇకపై నిలబెట్టి సెల్ మార్చం

చెన్నై సౌకార్‌పేటలో మా వాచీల కొట్టుకు వచ్చే తెలుగువాళ్ళందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పద్ధతి మారుస్తున్నాం. పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు పెట్టుకునే సన్నటి క్వార్ట్జ్ వాచీలకు కౌంటర్ దగ్గర నిలబెట్టి సెల్ మార్చి ఇవ్వం. పొద్దున ఇస్తే సాయంత్రం, సాయంత్రం ఇస్తే మర్నాడు. మామూలు వాచీకి 150 రూపాయలు, వీటికి 400. “సెల్లే కదన్నా, దానికి ఇంతా?” అని అప్పుడే కొందరు అడిగేశారు. అడగాల్సిందే. అందుకే ఆ డబ్బు దేనికో చెబుతున్నాను.

అందులో సెల్ ఖరీదు కొంతే. మిగతాదంతా మూత తీసిన దగ్గర్నుంచి మళ్ళీ మూసేదాకా పట్టే పని. మా దగ్గరికి ఎక్కువగా వచ్చే టైటన్ ఎడ్జ్‌నే తీసుకోండి. 2002లో వచ్చిన ఆ వాచీ మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి మెషీన్ 1.15 మిల్లీమీటర్లు. ఇంత పలచగా రావాలంటే, మామూలు మెషీన్‌లో ఒకదాని మీద ఒకటి కూర్చునే భాగాలను పక్కపక్కన పరచాలి. సన్న మెషీన్లు చాలావాటిలో సెల్‌ను ఆనుకునే కాయిల్, అంటే ముల్లును తిప్పే మోటారు తీగచుట్ట, ఉంటుంది. దాని తీగ తలవెంట్రుక కంటే సన్నం. సెల్ తీసేటప్పుడు ట్వీజర్ మొన జారి ఒక్క పోగు తెగినా పని అయిపోయినట్టే. పైకి ఏమీ కనబడదు, కొత్త సెల్ వేసినా ముల్లు మాత్రం కదలదు. “వేరేచోట సెల్ వేయించాం, అయినా నడవడం లేదు” అని తెచ్చే వాచీల్లో మీటరు పెట్టి చూస్తే చాలాసార్లు బయటపడేది ఇదే.

మూసేటప్పుడు ఇంకో గండం. వీటి వెనక మూత చాలావరకు నొక్కి బిగించే రకం. ప్రెస్‌లో కేసుకు సరిపడే అచ్చు పెట్టకపోతే ఒత్తిడంతా అద్దం మీద పడుతుంది. పలచటి అద్దం, అంచు పగులుతుంది. బొటనవేళ్ళతో నొక్కేస్తే మూత ఒకవైపు వంగి సందు మిగులుతుంది. చెన్నైలో ఆ సందు చాలు, లోపలికి చెమ్మ పోవడానికి.

ఇక సెల్ సంగతి. మామూలు వాచీల్లో ఎక్కువగా పడే 377 నంబరు సెల్ మందం 2.6 మిల్లీమీటర్లు. సన్న వాచీల్లో వాడే 335 మందం దాదాపు 1.25. అందులో ఉండే కరెంటు 377లో నాలుగో వంతు కూడా ఉండదు. ఈ వాచీల్లో సెకన్ల ముల్లు పెట్టకపోవడానికి అందంతో పాటు ఇదీ ఒక కారణం. ఆ ముల్లు లేకపోతే మందం తగ్గుతుంది, కరెంటూ మిగులుతుంది. కాకపోతే ఒక చిక్కుంది. సెకన్ల ముల్లున్న చాలా వాచీల్లో సెల్ అయిపోవస్తుంటే ఆ ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు గెంతుతూ ముందే చెబుతుంది. రెండు ముళ్ళ వాచీ ఏమీ చెప్పదు, సరిగ్గా ముహూర్తం రోజున ఆగిపోతుంది. పెళ్ళి ఉందంటే నెల ముందే ఒకసారి చూపించండి. వోల్టేజీ చూడటానికి మేం డబ్బు తీసుకోం.

సెల్ మీద ఎస్.ఆర్. అని ఉంటే సిల్వర్ ఆక్సైడ్, ఎల్.ఆర్. అని ఉంటే ఆల్కలైన్. సైజు ఒకటే ఉండొచ్చు, పని ఒకటి కాదు. సిల్వర్ ఆక్సైడ్ అయిపోయేదాకా దాదాపు 1.55 వోల్టుల దగ్గరే నిలుస్తుంది. ఆల్కలైన్‌ది మెల్లగా దిగిపోతూ ఉంటుంది, కారే ప్రమాదమూ ఎక్కువ. చవకని అడిగినా సన్న వాచీలో మేం అది వేయం. కారితే పోయేది మెషీన్.

మూత కింద ఉండే రబ్బరు రింగు ప్రెషర్ కుక్కర్ రబ్బరులాంటిదే, గట్టిపడితే పట్టు పోతుంది. ఇక్కడి చెమటకి, ఉప్పుగాలికి త్వరగా పాడవుతుంది. అందుకే సెల్‌తో పాటు దాన్నీ చూసి, అవసరమైతే మార్చి, గాలి ఒత్తిడితో పరీక్షించి ఇస్తాం. ఆ 400లో ఇదంతా ఉంది. డయల్ మీద 30 మీటర్లు అని ఉంటే వాన తుంపరకి, చేతులు కడుక్కోవడానికి అంతే. స్నానానికి, మెరీనా అలలకి కాదు. పరీక్ష పాసైనా ఆ హామీ నేనివ్వను.

టైము వెనకబడుతోందని తెచ్చే వాచీల్లో కొన్నిటికి అసలు రిపేరే అక్కర్లేదు. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, దానికి అయస్కాంతం లెక్క కాదు. కానీ ముల్లును తిప్పే చిన్న మోటారుకి లెక్కే. రాత్రిపూట వాచీని మాగ్నెట్ ఉన్న ఫోన్ కవర్ మీదో, స్పీకర్ పక్కనో పెడితే ఆగుతుంది, తీయగానే నడుస్తుంది. ముందు పెట్టే చోటు మార్చి చూడండి. నెలకి పదిహేను సెకన్ల తేడా అయితే మామూలే.

మెషీనే పోతే? మామూలు వాచీకి కొత్త మెషీన్ వేసేయడం రిపేరు కంటే చవక. సన్నవాటికి మార్కెట్లో దొరికేవి తక్కువ. దొరికినా డయల్ కాళ్ళు (డయల్‌ను మెషీన్‌కి పట్టి ఉంచే చిన్న పిన్నులు), ముళ్ళ ఎత్తు కలవాలి. కలవకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళమని చెబుతాం. దాన్లో మాకేమీ రాదు, అయినా అదే సరైన దారి.

ఈ కొత్త పద్ధతితో కొంత గిరాకీ పోతుందని తెలుసు. మామూలు వాచీ అయితే ఎక్కడ త్వరగా అయితే అక్కడే వేయించుకోండి, నాకేం బాధ లేదు.

నెల్లూరు, సూళ్ళూరుపేట నుంచి రైల్లో వచ్చేవాళ్ళు పదకొండులోపు ఇచ్చేయండి, తిరుగు రైలుకి అందిస్తాం. బీరువాలో ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉన్న వాచీలుంటే అవీ తెండి. సెల్ తీసి, శుభ్రం చేసి, ఖాళీగా ఇస్తాం. టైము సరిచేసే పక్క కీ బయటికి లాగి ఉంచితే సెల్ ఆదా అవుతుంది నిజమే, కానీ ఈ ఊళ్ళో అక్కణ్ణుంచే చెమ్మ దూరుతుంది. నెలల తరబడి వాడనిదానికి సెల్ తీయించేయడమే మేలు. ఈ పనికి 100 రూపాయలు, సెల్ పెట్టించుకునేటప్పుడు అది తగ్గించుకుంటాం.